కథలో అడ్డుపడే హక్కు: పశ్చిమ ఆఫ్రికా కథనం నాటకశాలకు వచ్చినప్పుడు

భీష్ముడు అనగానే ఎన్టీఆర్ రూపం కళ్ల ముందు కదిలే మనకు ఈ సంగతి కాస్త వింతగా అనిపిస్తుంది. 1985 వేసవిలో ఫ్రాన్స్‌లోని అవిన్యోన్ నాటకోత్సవం సందర్భంగా, ఊరికి దూరంగా ఉన్న ఒక రాతి క్వారీలో, బ్రిటిష్ దర్శకుడు పీటర్ బ్రూక్ మహాభారతాన్ని తొమ్మిది గంటల నాటకంగా ప్రదర్శించారు. ద్రౌపది మల్లికా సారాభాయ్. భీష్ముడు సోతిగీ కుయాతే. మాలీలో పుట్టి బుర్కినా ఫాసో పౌరుడిగా పేరు తెచ్చుకున్న ఈ నటుడు ఒకప్పుడు ఆ దేశపు ఫుట్‌బాల్ జట్టులో ఆడారు కూడా. అన్నిటికన్నా ముందు ఆయన గ్రియో. అంటే రాజుల వంశచరిత్రలను నోటికి పట్టి, పాడి, తరువాతి తరానికి అప్పజెప్పే కుటుంబంలో పుట్టినవారు. పదమూడో శతాబ్దంలో మాలీ సామ్రాజ్యాన్ని నిలబెట్టిన సుంజాటాకు ఆస్థాన గ్రియోగా ఉన్న బల్లా ఫాసేకే తమ మూలపురుషుడని కుయాతేలు చెప్పుకుంటారు. తరతరాలుగా రాజ్యాల పుట్టుకనూ పతనాన్నీ వల్లించిన వంశం వాడికి కురువంశపు తాత వేషం ఇవ్వడం బ్రూక్ తెలివి.

పశ్చిమ ఆఫ్రికా కథనమూ ఆధునిక రంగస్థలమూ కలిసిన తీరు గురించి రాసేవాళ్లు తరచుగా ఇలాంటి ఘట్టంతోనే మొదలుపెట్టి, ఇక్కడే ఆగిపోతారు కూడా. కథకుడు నటుడయ్యాడు, బాగుంది. ఎదురుగా ఉన్నవాళ్ల సంగతి ఏమిటి? వాళ్లు మామూలుగా టిక్కెట్టు కొని, వరుసల్లో కూర్చుని చూశారు. ఊళ్లో రాత్రిపూట కథ చెప్పేటప్పుడు పశ్చిమ ఆఫ్రికాలో చాలాచోట్ల వినేవాళ్లకు ఒక హక్కు ఉంటుంది: కథలో అడ్డుపడే హక్కు. కథను నాటకశాలలోకి తేగానే మొదట జారిపోయేది అదే. డోలునూ పాటనూ వేషాన్నీ వేదిక మీదికి తీసుకురావడం పెద్ద కష్టం కాదు. ఈ హక్కును ఎలా తీసుకురావాలన్నదే అరవై ఏళ్లకు పైగా అక్కడి నాటకకర్తలను తిప్పలు పెడుతున్న ప్రశ్న.

అందరూ గ్రియోలు కారు

ముందు ఒక ముడి విప్పుకోవాలి. ‘పశ్చిమ ఆఫ్రికా కథాసంప్రదాయం’ అంటూ ఒకే ఒక్కటి లేదు. కథ చెప్పే అధికారం ఎవరిది అన్న ప్రశ్నకే ఒక్కోచోట ఒక్కో జవాబు వస్తుంది. మాలీ, గినీ, సెనెగల్, గాంబియాల్లోని మాండే ప్రజల్లో ఆ అధికారం పుట్టుకతో వస్తుంది. 21 తీగల కోరా మీటుతూనో, చెక్క పలకల వాద్యం బలాఫోన్ వాయిస్తూనో గ్రియో చరిత్ర చెబుతుంటే, పక్కనున్న మరొకరు వాక్యం వాక్యానికీ ‘నాము’ అని ఊకొడుతుంటారు. ఊకొట్టడమే తప్ప ఎదురు చెప్పడం ఉండదు. అది చరిత్ర కాబట్టి, అందులో చెప్పేవాడి మాటకే బరువు.

నైజీరియాలోని యొరూబాల్లో పూర్వీకుల ఆరాధనలో వేసే ఎగుంగున్ ముసుగు వేషాల్లోంచి అలారిన్జో అనే వృత్తి బృందాలు పుట్టి ఊరూరా తిరిగాయి. మాలీలోని బమనా పల్లెల్లో పంటలు ఇంటికి చేరాక కుర్రకారు కోతేబా ఆడతారు. దొంగ మతగురువులనూ, నమ్మకం చెడ్డ భార్యాభర్తలనూ, గొప్పలు చెప్పుకునే వేటగాళ్లనూ ఊరి నడిబొడ్డున వెక్కిరించే ఆట అది. ఘనాలోని అకాన్ ప్రజల్లో సాయంత్రపు కథ ఎవరైనా చెప్పవచ్చు. బాగా చెప్పేవాళ్లకు పేరు ఉంటుంది, వంశం అక్కర్లేదు.

ఇంత తేడా ఉండగా యూరప్, అమెరికా నాటకశాలల ప్రచారంలో ఆఫ్రికా కథ చెప్పే ప్రతివాడినీ ‘గ్రియో’ అని పిలవడం మామూలైపోయింది. ఘనాలోని అకాన్‌లు చెప్పుకునే సాలెపురుగు కథకు గ్రియోతో ఏ చుట్టరికమూ లేదు. ఇది మాట పట్టింపు కాదు. ఎదురు చెప్పకూడని కథకుడినీ, ఎవరైనా ఆపగల కథకుడినీ ఒకే గాటన కడితే, రెండో రకం కథను వేదికకు తేవడంలో ఉన్న కష్టమే కంటికి ఆనదు. ఈ వ్యాసం ఎక్కువగా ఆ రెండో రకం గురించే.

‘ఆగు, ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను’

అకాన్ కథల నాయకుడు క్వాకు అనాన్సే. సాలెపురుగు, మనిషి కూడా. ఆకాశదేవుడు న్యామే దగ్గర ఉన్న కథలన్నిటినీ కొనడానికి బయలుదేరి, ధరగా అడిగిన కొండచిలువనూ, చిరుతపులినీ, కందిరీగలనూ, అడవి భూతాన్నీ ఉపాయంతో పట్టి అప్పజెప్పినవాడు. అందుకే అక్కడ అనాన్సే లేని కథను కూడా అనాన్సే కథ అనే అంటారు. తిండిపోతు, అబద్ధాలకోరు, పిరికివాడు. అయినా తెలివైనవాడు. బానిస ఓడల్లో ఈ కథలు అట్లాంటిక్ దాటి జమైకా, సురినామ్ చేరాయి. అక్కడి ముసలమ్మలు నేటికీ చెబుతారు.

ఈ కథలను పగలు చెప్పరు. మొదలుపెట్టే తీరులోనే ఒక మెలిక ఉంది. 1930లో అకాన్ కథల పెద్ద సంపుటి ప్రచురించిన బ్రిటిష్ అధికారి ఆర్.ఎస్. రాట్రే నమోదు చేసిన ప్రకారం, అసాంతే (అకాన్ ప్రజల్లో ఒక తెగ) కథకుడు ముందుగా ‘మేము నిజంగా అనడం లేదు, నిజంగా అనడం లేదు’ అని ప్రకటిస్తాడు. ఆ ఒక్క మాట అడ్డుపెట్టుకుని ఆ రాత్రి దేవుడినీ, నాయకుడినీ, పూజారినీ ఎవరినైనా ఎగతాళి చేయవచ్చు. పగటిపూట అవే మాటలు అంటే జరిమానా తప్పదు.

ఇక ఎంబోగువో. కథ మంచి పట్టులో ఉండగా వినేవాళ్లలోంచి ఒకరు లేచి, ‘ఆగు, ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను, అప్పుడు ఈ పాట పాడారు’ అని గొంతు ఎత్తుకుంటారు. అందరూ చప్పట్లతో అందుకుంటారు. కథకుడు ఆగి తీరాలి. పాట కథలోని పాత్రను దెప్పవచ్చు, నిద్రకు జోగుతున్నవాళ్లను లేపవచ్చు, కథకుడు సాగదీస్తున్నాడని చెప్పకనే చెప్పవచ్చు. పాట అయ్యాక కథ మళ్లీ సాగుతుంది, అయితే సరిగ్గా ఆగిన చోటి నుంచే సాగుతుందన్న హామీ లేదు.

మన బుర్రకథలోనూ కథకుడికి అడ్డు తగిలేవాళ్లు ఉన్నారు. ఒక వంత హాస్యం అందుకుంటాడు, మరొక వంత నేటి రాజకీయం మీద చురక వేస్తాడు. కానీ ఆ ఇద్దరూ దళంలో మనుషులే. ఎక్కడ ప్రశ్న వేయాలో, ఎక్కడ తందాన పలకాలో సాధన చేసుకుని వస్తారు. అకాన్ కథలో అడ్డు తగిలేది జనంలోంచి, ఎవరో ముందుగా తెలియదు. ఈ తేడాను గుర్తుపెట్టుకుంటే ఘనా నాటకకర్త ఎఫువా సదర్లాండ్ చేసిన పని ఏమిటో తేలిగ్గా అర్థమవుతుంది.

సాలెగూడు అల్లిన నాటకం

సదర్లాండ్ 1924లో కేప్ కోస్ట్‌లో పుట్టారు. ఇంగ్లండ్‌లో చదువుకుని వచ్చి ఉపాధ్యాయురాలిగా పనిచేశారు. 1957లో ఘనాకు స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే అక్రాలో ఒక ప్రయోగాత్మక నాటకబృందాన్ని నెలకొల్పారు. అప్పటికి ఆ దేశంలో ‘నాటకం’ అంటే ఎక్కువగా మిషన్ బడులు, కాలేజీల్లో వేసే ఇంగ్లీషు నాటకాలు. మరోవైపు ఊరూరా తిరిగే కాన్సర్ట్ పార్టీలు అనే జనరంజక నాటకబృందాలు ఉండేవి. వాటి సంగతి తరువాత.

ఆమె 1975లో ప్రచురించిన ‘ద మ్యారేజ్ ఆఫ్ అనాన్సేవా’ ఈ మొత్తం ప్రయత్నానికి నడిబొడ్డు. ఈ రకం నాటకానికి ఆమె ‘అనాన్సెగోరో’ అని పేరు పెట్టారు. కథ ఇది. బీదరికంతో విసిగిపోయిన అనాన్సేకు టైపు నేర్చిన కూతురు అనాన్సేవా ఉంది. తండ్రి చెబుతుంటే, అవి దేని కోసమో తెలియకుండానే నలుగురు నాయకులకు ఉత్తరాలు ఆమే టైపు చేస్తుంది. కూతురిని ఇస్తానని ఆశపెట్టి నలుగురి దగ్గరా కానుకలు గుంజడం అనాన్సే పథకం. పెళ్లి ఖాయం చేసుకోవడానికి వరుడి తరఫున ఆచారంగా మద్యం ఇచ్చేదాకా ఏ కానుకా ఎవరినీ కట్టిపడేయదన్న ఆచారంలోని సందును అతడు వాడుకుంటాడు. డబ్బు వస్తుంది, ఇల్లు బాగుపడుతుంది. ఇంతలో నలుగురూ ఒకేసారి వస్తున్నామని కబురు పెడతారు. దిక్కుతోచని అనాన్సే కూతురిని చచ్చినట్టు పడుకోమంటాడు. ఒక్కో నాయకుడి దూతలు వచ్చి సంతాపం చెప్పే తీరులో ఎవరి ప్రేమ ఎంతో బయటపడుతుంది. చివరివాడు భర్తకు తగ్గట్టు అంత్యక్రియల బాధ్యతంతా నెత్తిన వేసుకుంటాడు. ఆ ‘ప్రేమ మహిమ’కే అనాన్సేవా లేచి కూర్చుంటుంది.

వస్తువు వరకే చూస్తే తేలికపాటి ప్రహసనం. అల్లిక మాత్రం వేరు. వేదిక మీద ఒక కథకుడు ఎప్పుడూ ఉంటాడు. అతనికి అనాన్సే ఎత్తులన్నీ తెలుసు, మనకు చెబుతాడు, ఆపలేడు. సామాన్లు అందించేవాడు దాక్కోడు. అందరికీ కనిపిస్తూ కూర్చుని, గొడుగో టైపు మిషనో కావలసినప్పుడు తెచ్చి ఇస్తాడు. వీటన్నిటికన్నా ముఖ్యం, వేదిక మీదే ఒక గుంపు ఉంటుంది. వాళ్లు ఊరి జనంలా కూర్చుని, నవ్వి, వ్యాఖ్యానించి, కథ మధ్యలో ఎంబోగువో పాటలు అందుకుంటారు.

అంటే సదర్లాండ్ అడ్డుపడే హక్కును జనంలోంచి తీసి వేదిక ఎక్కించారు. బుర్రకథ వంతలు ఉన్న చోటికి వచ్చారనుకోవచ్చు. ఇది లాభమా నష్టమా అంటే, నా లెక్కలో రెండూ. పాట ఎక్కడ రావాలో పుస్తకంలో అచ్చయిపోయాక దాన్ని అడ్డుపడటం అని ఎలా అంటాం? ఘనా పేరు వినడమే తప్ప చూడని ఏ దేశంలోనో విద్యార్థులు ఈ నాటకం వేస్తే, అచ్చులో ఉన్న చోటే పాడి, అచ్చులో ఉన్న చోటే నవ్వుతారు. అయితే ఆ గుంపు లేకపోతే మొదటిసారి నాటకానికి వచ్చిన ప్రేక్షకుడికి తాను కూడా గొంతు కలపవచ్చన్న సంగతే తెలియదు. వేదిక మీది గుంపు హాల్లోని గుంపుకు దారి చూపుతుంది. ఘనాలో ఈ నాటకం చూసేవాళ్లకు పాటలు వచ్చు, కాబట్టి అందుకుంటారు. మరోచోట అది కుదరదు. ఒకే ప్రతి రెండు చోట్ల రెండు నాటకాలుగా మారడం ఇందువల్లే.

అనాన్సేకు శిక్ష పడకపోవడం గురించి కూడా ఒక మాట. కూతురిని దాదాపు వేలానికి పెట్టిన తండ్రి చివర్లో గెలుస్తాడు. అనాన్సే అతిశయోక్తితో గీసిన సాధారణ మనిషి అనీ, సమాజం తనను తాను పరీక్షించుకోవడానికి వాడుకునే బొమ్మ అనీ సదర్లాండ్ ముందుమాటలో అభిప్రాయపడ్డారు. తీర్పు వేదిక మీద లేదంటే అది ఇంకెక్కడో జరగాలి. హాల్లో ప్రేక్షకుడు నోరు కట్టుకుని కూర్చుంటే ఆ పరీక్ష జరగదు, అనాన్సే తప్పించుకుపోతాడు.

గోడలు చేసే పని

ఈ సమస్యకు సగం జవాబు నాటక ప్రతిలో కాదు, కట్టడంలో ఉందని సదర్లాండ్ గ్రహించారు. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయం కూడా అందుకుని అక్రాలో ఆమె నిర్మింపజేసిన ఘనా డ్రామా స్టూడియో 1961లో తెరుచుకుంది. ప్రారంభించింది దేశాధ్యక్షుడు క్వామే ఎన్‌క్రుమా. అకాన్ ఇంటి నడిమి ముంగిలిని గుర్తుతెచ్చే ఆవరణ, పైన ఆకాశం. ఎదుటివాళ్ల ముఖాలు కనిపించే చోట మనుషులు మాట్లాడతారు. చీకట్లో ముందువాడి వీపు చూస్తూ కూర్చునే చోట గొణుగుతారు. 1960ల్లోనే ఆమె ఘనాలోని సెంట్రల్ రీజియన్‌లో ఉన్న ఎకుంఫి అట్వియా అనే పల్లెలో, ఊరివాళ్లతో కలిసి కోజిదాన్ కట్టించారు. కథల కోసమే ఒక ఇల్లు. ఆడేదీ చూసేదీ ఊరివాళ్లే.

తరువాత జరిగినది చదివితే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. అక్రాలో జాతీయ నాటకశాల కట్టడానికి డ్రామా స్టూడియోను పడగొట్టారు. చైనా సాయంతో ఓడ ఆకారంలో లేచిన కొత్త భవనం 1992 చివర్లో ప్రారంభమైంది. దాదాపు 1500 సీట్లు, ఎత్తయిన వేదిక, అన్ని హంగులూ. పాత స్టూడియోకు నకలును లెగాన్‌లోని ఘనా విశ్వవిద్యాలయంలో కట్టారు, అది ఇప్పుడు సదర్లాండ్ పేరుతో ఉంది. దేశానికి ఒక పెద్ద నాటకశాల కావాలనుకోవడం తప్పేమీ కాదు. ఆ కోరిక తీరడానికి సరిగ్గా ఆ ఆవరణే బలి కావలసి వచ్చింది.

విచిత్రంగా, ఆ పెద్ద హాల్లో ప్రేక్షకులకు నోరు తెచ్చింది కాన్సర్ట్ పార్టీ. ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగంలో తీరపట్టణాల్లో పుట్టి, హైలైఫ్ అనే అక్కడి నాట్యసంగీతంతో కలిసి, రాత్రంతా సాగే ఈ సంచార ప్రదర్శనలను చదువుకున్నవాళ్లు చాలాకాలం చిన్నచూపు చూశారు. మగవాళ్లే ఆడవేషాలు వేసేవారు. సవతితల్లి పెట్టే కష్టాలకు ఏడ్చే అనాథ పాత్రను చూసి జనం వేదిక దగ్గరకు వచ్చి డబ్బులూ తినుబండారాలూ చేతిలో పెట్టేవారు. దుర్మార్గుడిని తిట్టేవారు. 1990ల మధ్యలో ఒక సబ్బు కంపెనీ ఖర్చుతో ఈ కాన్సర్ట్ పార్టీలు జాతీయ నాటకశాలలోనూ టీవీలోనూ వచ్చాయి. సిద్ధాంతాలేవీ లేకుండా ఈ జనరంజక నాటకం ఆ హక్కును అప్పటిదాకా కాపాడుకుంటూ వచ్చింది.

తీర్పు అడిగిన నాటకం

నైజీరియాలో దారి వేరు. హ్యూబర్ట్ ఓగుండే 1944లో చర్చి కోసం చేసిన పాటల నాటకంతో మొదలుపెట్టి యొరూబా సంచార నాటకానికి పెద్ద దిక్కయ్యారు. 1964లో రాజకీయ నాయకుల కుమ్ములాటను ఎండగట్టిన ‘యొరూబా రోను’ నాటకానికి పశ్చిమ ప్రాంత ప్రభుత్వం ఆయన బృందాన్నే నిషేధించింది. ఇక్కడ అడ్డుపడింది ప్రేక్షకులు కాదు, సర్కారు. మరో యొరూబా నాటకకర్త డురో లాడిపో ‘ఓబా కోసో’లో, తరువాత దేవుడిగా కొలిచే షాంగో రాజు కథను స్తుతిగీతాలతో, బాటా డోలుతో అల్లి 1964లో బెర్లిన్ దాకా తీసుకెళ్లారు. యొరూబా తెలియని వాళ్లు కూడా ఆ ఊపుకు లొంగిపోయారు. అయితే ఇవి కళ్లప్పగించి చూసే నాటకాలు, మధ్యలో కలగజేసుకునేవి కావు.

అడ్డుపడే హక్కు సంగతిని నేరుగా పట్టుకున్నది నాటకకర్త ఫెమి ఒసోఫిసాన్. 1970లో అంతర్యుద్ధం ముగిశాక నైజీరియాలో సాయుధ దోపిడీలు పెరిగాయి. సైనిక ప్రభుత్వం దొంగలకు మరణశిక్ష విధించి, లాగోస్ బార్ బీచ్‌లో బహిరంగంగా కాల్చి చంపించడం మొదలుపెట్టింది. జనం తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చి చూశారు. ఆ నేపథ్యంలో ఒసోఫిసాన్ 1970ల చివర్లో రాసిన నాటకం ‘వన్స్ అపాన్ ఫోర్ రాబర్స్’. మొదలు అచ్చంగా రాత్రి కథలా ఉంటుంది: కథకుడు వస్తాడు, పాటతో జనాన్ని కూడగడతాడు. నాయకుడిని పోగొట్టుకున్న నలుగురు దొంగలకు ఆఫా అనే ముసలివాడు ఒక మంత్రం ఇస్తాడు. దాన్ని ముక్కలు చేసి తలా ఒకటి పంచుతాడు, అందరూ కలిసి పాడితేనే పనిచేస్తుంది. పాడితే ఎదుటివాళ్లు ఆడి, పాడి, నిద్రలోకి జారుకుంటారు. దొంగలు అంగడిని దోచుకుంటారు. అంగట్లో ధరలు పెంచి జనాన్ని పీల్చేవాళ్లూ, దొరికిన సొమ్ము మింగే సైనికులూ కూడా అదే నాటకంలో కనిపిస్తారు. అసలు దొంగ ఎవరు అన్న అనుమానం అలా మెల్లగా పాకుతుంది.

చివరికి దొంగలను కాల్చబోయే క్షణంలో కథ ఆగుతుంది. ఆఫా ప్రేక్షకులను అడుగుతాడు: వీళ్లను కాల్చమంటారా, వదిలేయమంటారా? హాల్లో వాదన జరగాలి, ఎటు మొగ్గితే నాటకం ఆ ముగింపు తీసుకుంటుంది. సదర్లాండ్ వేదిక మీదికి ఎక్కించిన హక్కును ఒసోఫిసాన్ తిరిగి హాల్లోకి దించారు, అదీ పాట రూపంలో కాకుండా తీర్పు రూపంలో. నాకు నచ్చిన విషయం, ఇక్కడ జనం చప్పట్లు కొట్టడానికో పాడటానికో పరిమితం కాలేదు. బార్ బీచ్‌లో నిజంగా మనుషులు చస్తున్న కాలంలో, ఆ సముద్రపు ఒడ్డున నిలబడి చూసినవాళ్లు కూడా ఉండగల హాల్లో, ఈ ప్రశ్న సరదా ప్రశ్న కాదు. ఒక లోటు కూడా ఉంది. అడిగే సమయం నాటకకర్తదే. రెండో దృశ్యంలో ఎవరైనా లేచి ‘ఆగు’ అంటే ఆ నాటకం దగ్గర జవాబు లేదు.

నేటి పెద్ద నాటకశాలల్లో ఈ లోటు ఇంకా పెరిగింది. దీనికి కారణం దర్శకుల అహంకారం అనుకుంటే పొరపాటు. దీపాలు, ధ్వని, దృశ్యపటాలు ముందుగా కంప్యూటర్‌లో అమర్చిన సంకేతాల వరుస మీద నడుస్తాయి. ఒక పాట అదనంగా వస్తే వరుస తప్పుతుంది. హాలు అద్దె గంటల లెక్కన, సిబ్బంది పనివేళలు ఒప్పందం ప్రకారం, ప్రేక్షకులకు చివరి రైలు ఉంటుంది. అందుకే చాలామంది అంచుల్లో కొంత చోటు వదులుతారు. 2017లో లండన్ నేషనల్ థియేటర్‌లో మొదలైన ఇనువా ఎలమ్స్ నాటకం ‘బార్బర్ షాప్ క్రానికల్స్’ లాగోస్, అక్రాలతో సహా ఆరు నగరాల క్షౌరశాలల్లో మగవాళ్ల కబుర్లను అల్లుతుంది. ప్రేక్షకులు లోపలికి వచ్చేసరికే పాటలు మోగుతుంటాయి, నటులు కబుర్లాడుతూ కొందరిని పిలిచి క్షవరం కుర్చీలో కూర్చోబెడతారు. ఆ ఉత్సాహం నిజమైనదే. కానీ నాటకం మొదలయ్యాక కుర్చీలు నటులవి. పిలిస్తే వెళ్లడం ఆతిథ్యం, పిలవకపోయినా లేవగలగడం హక్కు. విమర్శకులు ఈ రెంటినీ కలిపేసి ‘ప్రేక్షకుల భాగస్వామ్యం’ అని మెచ్చుకుంటుంటారు.

సంకేతాల వరుస అక్కర్లేని చోట ఏం జరుగుతుందో చూడాలంటే మాలీ వైపు చూడాలి. పైన చెప్పిన పల్లె కోతేబా రెండు దారుల్లో పట్నానికి వచ్చింది. ఒకటి, గినీలో పుట్టిన సులేమాన్ కోలి 1974లో ఐవరీ కోస్ట్ రాజధానిగా ఉన్న అబిజాన్‌లో స్థాపించిన ఎన్సాంబుల్ కోతేబా. పట్నపు వాడల యాసనూ పాటనూ నాట్యాన్నీ కలిపి విదేశాల్లోనూ పేరు తెచ్చుకున్న బృందం. రెండోది ఎవరూ పెద్దగా చెప్పుకోరు. బమాకోలోని పాయింట్ జి ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో 1980ల నుంచి కోతేబాను చికిత్సలో భాగంగా వాడుతున్నారు. నటులు అక్కడికి వచ్చి, రోగులతో కలిసి, వాళ్ల ఇంటి గొడవలనూ భయాలనూ అప్పటికప్పుడు ఆటగా అల్లుతారు. ముందుగా రాసిన ప్రతి ఉండదు. తన కథను ఎవరో ఆడుతుంటే రోగి కలగజేసుకుని ఆ పాత్రను తానే అందుకోవచ్చు. అక్కడ వైద్యులు ఎదురుచూసేది ఆ క్షణం కోసమే.